ఇంటి గోడే చిత్రశాల – మూడో పాఠం: గళ్ళు కట్టి బొమ్మను గోడకెక్కించడం

రెండో పాఠం నాటికి గోడ సిద్ధమైంది. పెచ్చులు రాలగొట్టాం, పగుళ్ళు పూడ్చాం, ప్రైమరు పట్టించాం. ఇవాళ సుద్దముక్క పట్టే ముందు చిన్న పరీక్ష ఒకటి చేయండి. జానెడు అంటుకునే టేపు ముక్కను గోడకు గట్టిగా అదిమి, ఒక్క ఊపున లాగండి. టేపుకు తెల్లపొడి అంటిందా, పాత సున్నం ఇంకా మిగిలి ఉన్నట్టే. మళ్ళీ గీకాల్సిందే. కొత్తగా సిమెంటు పూత వేయించిన గోడైతే 28 రోజులు దాటాయో లేదో లెక్క చూసుకోండి. తడి ఆరని సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది.

ఇక అసలు పని. కాగితం మీద ముచ్చటగా వచ్చిన బొమ్మ గోడ మీద ఎందుకు వంకరపోతుంది? నా మొదటి గోడ సంగతి చెబుతాను. నల్లగొండలో మా వీధి వైపు గోడ మీద తాటిచెట్టు, దానిపైన గీత కార్మికుడు. కాగితం పక్కన పెట్టుకుని, స్టూలెక్కి చూపు అందాజు మీద గీసుకుంటూ పోయాను. గోడకు మూరెడు దూరంలో నిలబడితే చేతికి అందినంత మేరే కనబడుతుంది. పై నుంచి మొదలుపెట్టాను కదా, మట్టలకు చోటు బాగా దొరికింది. మొదలు దగ్గరికి వచ్చేసరికి గోడ అయిపోయింది. ఎదురింటి పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ ఆగి, "ఇది తాటిచెట్టా, గొడుగా బిడ్డా?" అంది. రెండు రోజుల పని మీద తెల్లరంగు పూశాను.

ఆ రోగానికి మందు గళ్ళు. ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళు చీర మీదికి రావాల్సిన నమూనాను ముందు గళ్ళ కాగితం మీదే వేసుకుంటారు. ఏ గడిలో ఏ రంగో తేలాకే నూలుకు కట్లు కడతారు. వాళ్ళు గడిని దారంగా మారుస్తారు, మనం అడుగుగా మారుస్తాం. అంతే తేడా.

గోడ మీద 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు తీసుకుందాం. కాగితం మీద 6 అంగుళాలు, 8 అంగుళాలు. అంగుళానికి అడుగు. నేల నుంచి అడుగున్నర వదిలేసి బొమ్మ మొదలుపెట్టండి. వానాకాలంలో చూరు నీళ్ళు పడి బురద చిమ్మేది అంతవరకే. పాత ఇళ్ళలో ఆ మేర జాజు పట్టీ ఊరికే వేయలేదు: జాజు ఎర్రదనం ఇనుప ఆక్సైడుది, ఎండకు వెలిసిపోదు, బురద మరకనూ బయటపెట్టదు. మీరూ వేసుకోండి. బొమ్మకు అదే నేల అవుతుంది.

ముందుగా రసమట్టం పెట్టి కింది గీత, తూకం గుండు వేలాడదీసి పక్క గీతలు. నేలనో కిటికీనో నమ్ముకుని గీయకండి. మన ఇళ్ళలో అవి సమంగా ఉంటాయన్న భరోసా ఏమీ లేదు. నాలుగు మూలలూ కుదిరాక ఎదురెదురు మూలల మధ్య టేపు పట్టి కొలవండి. 6, 8 అడుగుల చట్రానికి రెండు వైపులా సరిగ్గా 10 అడుగులు రావాలి. ఒకవైపు 10కి రెండంగుళాలు తక్కువ, రెండోవైపు 10 మీద రెండంగుళాలు వచ్చిందంటే చట్రం పక్కకు వాలింది. ఇక్కడ బద్ధకిస్తే చెట్టూ వాలుతుంది.

లోపల అడుగుకొకటి చొప్పున వేసే గీతలకు నూలుదారం చాలు. తెల్ల సుద్దపొడిలో దొర్లించి, ఇద్దరు రెండు కొసలూ బిగించి పట్టుకుంటే, మూడో మనిషి మధ్యలో లాగి వదలాలి. టప్పుమని తగిలి తిన్నటి గీత పడుతుంది. మా ఇంట్లో ఈ పని కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. తెల్ల ప్రైమరు మీద తెల్ల సుద్ద కనబడదనుకుంటే, ముందు లేత మట్టిరంగు పూత ఒకటి వేసుకోండి. నీలం పొడి మాత్రం వద్దు. లేత రంగుల కింద నుంచి తొంగిచూస్తుంది. బొగ్గు పసుపును పాడుచేస్తుంది.

నిలువు వరుసలకు అ నుంచి ఊ వరకు, అడ్డం వరుసలకు పై నుంచి 1 మొదలు 8 వరకు పేర్లు పెట్టండి, కాగితం మీదా గోడ మీదా. ఇప్పుడు "మోకు (చెట్టెక్కేవాడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు) గీస్తున్నాను" అనే ఆలోచన మానేయండి. ఈ-3 గడిని మాత్రమే చూడండి. కాగితం మీద ఆ గీత ఎడమ అంచులో కింది నుంచి మూడోవంతు ఎత్తున లోపలికి వచ్చింది. కుడి అంచును సగం ఎత్తులో దాటింది. మధ్యలో కొంచెం కిందికి కుంగింది. గోడ మీది ఈ-3లో ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టి, ఆ కుంగుతోనే కలపండి. గడిలో ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయడమూ పనే. సుద్దముక్కను మూడడుగుల వెదురు కర్ర కొసకు కట్టుకుంటే దూరంగా నిలబడి గీయొచ్చు. చెయ్యి భుజం నుంచి కదులుతుంది, గీత వణకదు.

రెండు వరుసలకోసారి రోడ్డు దాటి వెళ్ళి చూడండి. ఇంటి బయటి బొమ్మకు దారిన పోయేవాళ్ళు ఇచ్చే సమయం చాలా తక్కువ. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో టైరీ గైటన్ అనే చిత్రకారుడు 1986లో తన వీధిలోని పాడుబడ్డ ఇళ్ళను బొమ్మలుగా మార్చడం మొదలుపెట్టాడు. అందులో ఒక ఇంటికి పెద్దపెద్ద రంగుల చుక్కలే అలంకారం. చుక్కను వీధి చివర నుంచైనా గుర్తుపట్టొచ్చు. (నగరపాలకులు 1991లో, 1999లో కొన్నింటిని కూల్చేశారు. అందరికీ నచ్చాలన్న నియమం లేదు.) మీ బొమ్మలో రోడ్డవతలి నుంచి కనబడని సన్నగీతలుంటే ఇప్పుడే తీసేయండి, సుద్ద కాబట్టి తడిగుడ్డతో పోతుంది.

కరెంటు మీటరు, గొట్టాలు అడ్డొస్తే? వాటిని కాగితం మీద ముందే గీసుకోండి. మా వాననీటి గొట్టం ఇప్పుడు రెండో తాటిచెట్టు. మీటరు మీద మాత్రం రంగు వేయొద్దు. ప్రొజెక్టరు దొరికితే సులువే గానీ, 15 అడుగుల వీధిలో దాన్ని గోడకు తిన్నగా నిలపడం కష్టం. వాలిందంటే బొమ్మ పైభాగం సాగుతుంది.

రెండోసారి నా బొమ్మ సరిగ్గా కుదిరిందనుకుంటుండగా, సైకిలుకు కల్లు లొట్లు (కుండలు) కట్టుకుని పోతున్న గీత కార్మికుడొకాయన ఆగాడు. "చెట్టును ఇట్లా కౌగిలించుకుంటే ఎక్కలేడక్కా. మోకు మీద వెనక్కి వాలాలి" అన్నాడు. నిలబడి నడుము వంచి చూపించాడు కూడా. ఈ-3, ఈ-4 గళ్ళు తుడిచేసి మళ్ళీ గీశాను. మోకులో ఆ కుంగు ఆయన చెప్పాక వచ్చిందే.

అభ్యాసం: మీ బొమ్మను 6, 8 అంగుళాల కాగితం మీద గళ్ళతో వేసి, గోడ మీద సుద్దతో మాత్రమే దించండి. తూర్పు గోడైతే సాయంత్రం నాలుగు తర్వాత పట్టుకోండి, నీడ ఉంటుంది. రంగు డబ్బా మూత తీయకుండా రెండు రోజులు అలాగే ఉంచి, వచ్చేపోయేవాళ్ళు ఏమంటారో రాసిపెట్టుకోండి. ఆ కాగితం నాలుగో పాఠంలో కావాలి.