మండువా ఇంట్లో స్తంభం అడుగు కుళ్ళితే: తీసేయకుండా బాగుచేసే పద్ధతి

విశాఖపట్నం దగ్గర భీమిలి, పద్మనాభం వైపు పాత మండువా పెంకుటిళ్ళలో కప్పు బరువు సగం గోడలు మోస్తే, మిగతా సగం మండువా (ఇంటి మధ్య పైకప్పు లేని చోటు) చుట్టూ ఉన్న చెక్క స్తంభాలు మోస్తాయి. వాటిలో ఒక్కటి మెత్తబడగానే చాలామంది దాన్ని పీకేసి కాంక్రీటు పిల్లర్ పోయించేస్తున్నారు. అంత అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. టేకు స్తంభం పైనంతా రాయిలా ఉండి, అడుగున జానెడు మాత్రమే కుళ్ళుతుంది. ఆ జానెడే మార్చాలి.

కుళ్ళు ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా పని మొదలుపెట్టకండి. కట్టినప్పుడు స్తంభాన్ని నేలకు పైన ఉండే రాతి పీట మీద నిలబెట్టారు. తర్వాత ఎప్పుడో గచ్చు తీసి సిమెంటు, దాని మీద టైల్సు వేసేసరికి నేల పైకి లేచి పీట దాని కింద కప్పబడిపోయింది. ఇల్లు కడిగిన ప్రతిసారీ నీళ్ళు స్తంభం మొదట్లో నిలుస్తాయి, సిమెంటు వాటిని ఆరనివ్వదు. కాబట్టి ముందు స్తంభం చుట్టూ అడుగు వెడల్పున సిమెంటు కొట్టించి, పీట బయటపడేలా చేయండి. ఇది చేయకపోతే కొత్త చెక్క కూడా అదే దారి పడుతుంది.

తర్వాత పరీక్ష. సన్నని స్క్రూడ్రైవర్‌తో నాలుగు వైపులా కింద నుంచి పైకి, 2 సెంటీమీటర్లకొకసారి పొడిచి చూడండి. బలం పెట్టకుండానే 5 మిల్లీమీటర్లు దిగిందంటే అక్కడ చెక్క పోయినట్టే. సుత్తి పిడితో తట్టితే చేవ ఉన్నచోట గట్టి శబ్దం వస్తుంది, చెదలు తిన్నచోట డొల్లగా పలుకుతుంది. తేమ కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది: 20 శాతం దాటిన చెక్కలో కుళ్ళు పెరుగుతుంది. గట్టి చెక్క మొదలైన చోటు నుంచి ఇంకో 2 అంగుళాలు పైకి సుద్దతో గీత గీయండి. కోత అక్కడ.

కోతకు ముందు బరువు దించాలి. ఆ స్తంభం పైనున్న పెంకులు తీసి పక్కన పేర్చండి. స్తంభానికి రెండు వైపులా దూలం కింద రెండు పోట్లు (ఆసరా దుంగలు) పెట్టి, ఒక్కో దాని కింద 5 టన్నుల జాకీ ఉంచండి. జాకీ కింద 2 అంగుళాల మందం పలక తప్పనిసరి, లేకపోతే పాత నేల కుంగుతుంది. రెండింటినీ సమంగా, కొంచెం కొంచెంగా తిప్పండి. స్తంభం అడుక్కీ పీటకీ మధ్య హాక్సా బ్లేడు దూరితే చాలు, ఆపేయాలి. ఇంకా లేపితే దూలం కుసులు (తొర్రలో దూర్చిన కొసలు) ఊడతాయి, గోడ పూత పగుళ్ళిస్తుంది. నష్టం ఎక్కువగా ఈ తొందరలోనే జరుగుతుంది.

అతుకు పొడవు స్తంభం వెడల్పుకి మూడు రెట్లుండాలి: 6 అంగుళాల స్తంభానికి 18 అంగుళాలు. పాత స్తంభంలో సగం మందం, కొత్త ముక్కలో సగం మందం తీసి ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టండి. రెండు చివర్లా భుజాలు బిగుతుగా ఆనాలి, ఎందుకంటే బరువు దిగేది భుజాల మీదుగానే. చీలలు అతుకును పక్కకు జారకుండా ఆపడానికే. కొత్త ముక్కకు కూల్చిన ఇళ్ళలో దొరికే పాత టేకు మేలు. పచ్చి చెక్క వాడితే ఎండాకాలానికి కుంచించుకుపోయి అతుకు నోరు తెరుస్తుంది. చెక్క నార స్తంభం పొడవునే ఉండాలి. బిగించడానికి 16 మిల్లీమీటర్ల చెక్క చీలలు నాలుగు కొట్టండి, అవీ చేవవే. ఇనుప బోల్టు వద్దు: సముద్రపు గాలికి తుప్పు ఉబ్బి చెక్కను చీలుస్తుంది. ఇనుము తప్పదనుకుంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. చెక్కడం ఉన్న స్తంభమైతే ముక్కను కాస్త లావుగా అతికి, ఆ తర్వాతే చిత్రిక పట్టి ఆకారం తేవాలి. కొత్త ముక్క లోపలి వైపు, కనబడనిచోట, ఆ ఏడాది అంకె చెక్కించండి. రేపు ఎవరు చూసినా ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తుంది.

చెదలకు బోరాన్ మందు: 400 గ్రాముల బోరిక్ ఆమ్లం, 600 గ్రాముల బోరాక్సు 10 లీటర్ల వేడినీళ్ళలో కరిగించి, కోత ముఖాలకు రెండు మూడు సార్లు బ్రష్షుతో పట్టించండి. వానకు తడిసేచోట ఇది కారిపోతుంది, అందుకే చూరు కింద పొడిగా ఉండే చెక్కకే పనికొస్తుంది. నేలలోని చెదలకు వేరే వైద్యం కావాలి, అది లైసెన్సున్నవాళ్ళు చేయాల్సిన పని.

పీట చుట్టూ ఖాళీని, పీట పైభాగం కప్పబడకుండా, సున్నంతో నింపండి: 1 పాలు నానిన సున్నం, 3 పాళ్ళు ఏటి ఇసుక. సున్నం కనీసం రెండు వారాలు నానాలి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, అది తేమను పీల్చి పూతను పొడిగా రాల్చేస్తుంది. గోడలకూ ఇదే సూత్రం, పైన సున్నపు వెల్లే వేయాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే గోడ లోపల దూలాల చివర్లు ఊపిరాడక మెత్తబడతాయి.

మండువా నాలుగు మూలల్లో రెండు కప్పులు కలిసే చోట రేకు కాలువ చిల్లు పడిందేమో కూడా అప్పుడే చూడండి. చాలాసార్లు నీళ్ళు కారేది అక్కణ్ణుంచే. చూరు మొదటి రెండు వరసల పెంకులను రాగి తీగతో రీపర్లకు (పెంకులు ఆనే సన్నని చెక్క పట్టీలకు) కట్టండి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను లాంటి గాలి ముందు చూరునే పట్టుకుని లేపుతుంది. పనంతా ఫిబ్రవరి నుంచి మే లోపల, కప్పు విప్పినా వాన భయం తక్కువుండే రోజుల్లో పెట్టుకోండి.

ఇక చట్టం మాట. ఇల్లు పాతదైనంత మాత్రాన దానంతటదే రక్షిత కట్టడం కాదు. పురాతన కట్టడాల కోసం చేసిన చట్టాల్లో కేంద్రం 1958 చట్టం కింద గానీ, రాష్ట్రం 1960 చట్టం కింద గానీ ప్రకటిస్తేనే అవుతుంది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు జాబితాలో చేర్చుకోవడం గౌరవమే, దానితో చట్టపరమైన రక్షణ రాదు. కానీ మీ ఇల్లు అనకాపల్లి దగ్గర బౌద్ధ స్థలం బొజ్జన్నకొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల ఉంటే కొత్త కట్టడాలు నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకూ నిర్మాణానికైనా మరమ్మతుకైనా ముందుగా అనుమతి కావాలి, 100 మీటర్ల లోపల మరమ్మతుకు కూడా ఆ అనుమతి తప్పనిసరి. దరఖాస్తుకు ఫొటోలు పనికొస్తాయి: పెంకులు దించకముందే ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపుల నుంచి, పక్కన స్కేలు పెట్టి తీసి ఉంచుకోండి.