కాలనీకి డాబాల మీదుగా వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇవ్వడం ఎలా?

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ప్రాణాలు పోయాక, హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను కోసేయడం మొదలైంది. రాత్రికి రాత్రి ఎన్నో ఇళ్లలో నెట్ పోయింది. ఎత్తైన ఒక్క బిల్డింగ్ దాకా ఫైబర్ తెచ్చుకుని, అక్కడి నుంచి కిలోమీటరు లోపు డాబాలకు రేడియోతో పంచుకుంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. అయితే సరిగా బిగించాలి. వానొస్తే పోయే లింకులు, సాయంత్రమైతే పాకే లింకులు చాలా చూస్తున్నాను. వాటిలో పరికరం తప్పు అరుదు. తొందరపాటే ఎక్కువ.

ముందు అనుమతులు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ తీసుకుని పదిమందికి అమ్మకూడదు. వీధిలో వైఫై ఇవ్వాలంటే 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం కింద పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే జనానికి వైఫై అమ్మే చిన్న కేంద్రం, పెట్టుకోవచ్చు. కిరాణా కొట్టు వాళ్లయినా సరే, లైసెన్సు, ఫీజు అక్కర్లేదు. టెలికం శాఖ దగ్గర రిజిస్టరైన అగ్రిగేటర్‌తో, అంటే ఇలాంటి కేంద్రాలను కలిపి నడిపే కంపెనీతో చేరితే లాగిన్లు, లెక్కలు వాళ్లు చూసుకుంటారు. ఇలాంటి ఆఫీసులకు 200 ఎంబీపీఎస్ వరకు ఫైబర్ ప్లాన్లను ఇంటి రేటుకు రెండింతలకు మించి అమ్మకూడదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో చెప్పింది. లైను తీసుకునేటప్పుడు ఆ మాట గుర్తుచేయండి. ఇళ్లకు నెలవారీ కనెక్షన్లు ఇవ్వాలంటే మాత్రం లైసెన్సున్న ఐఎస్‌పీకి (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి) పార్ట్‌నర్‌గా చేరాల్సిందే. ఎలా చేరినా, డాబా నుంచి డాబాకు లింకు వేస్తున్నామని ఒప్పందంలో రాయించుకోండి.

సామాను పెద్దగా లేదు. మెయిన్ బిల్డింగ్ మీద ఒక సెక్టార్ యాంటెన్నా (ఒక వైపంతా వెడల్పుగా సిగ్నల్ పంపేది), అవతలి డాబాలకు ఒక్కో చిన్న డిష్, బయట వాడే క్యాట్-6 నెట్‌వర్క్ కేబుల్, ఆ కేబుల్ గుండానే డిష్‌కు కరెంటు పంపే పీఓఈ అడాప్టర్లు, రూటర్, యూపీఎస్. ఈటీఏ, అంటే ప్రభుత్వ పరికర ఆమోదం ఉన్న రేడియోలే కొనండి. డిష్‌ను వాటర్ ట్యాంకు నిచ్చెనకు కట్టకండి, గాలికి ఊగుతుంది. పిట్టగోడకు రెండు చోట్ల క్లాంపులు వేసి జీఐ పైపు బిగించి, ఎర్తింగ్ ఇవ్వండి. కేబుల్ డిష్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిప్పితే వాన నీళ్లు కనెక్టర్‌లోకి పోవు.

ఇక అసలు పని, డిష్ గురి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

అవతలి బిల్డింగ్ కంటికి కనిపిస్తే చాలనుకుంటారు, చాలదు. రేడియో తరంగం సన్నని దారంలా పోదు, మధ్యలో ఉబ్బుతుంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు లింకుకు సరిగ్గా మధ్యలో ఆ ఉబ్బు చుట్టూ మూడున్నర మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే రెండు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. ట్యాంకు అంచు, పెంట్‌హౌస్ రేకు, కొబ్బరి మట్ట ఏదీ అందులోకి రాకూడదు. వేప చెట్టుతో మరీ జాగ్రత్త. శివరాత్రి రోజుల్లో ఆకు రాలి అవతల అంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఉగాదికి చిగురేస్తుంది. తొలకరికి ఆ ఆకులు తడిశాక సిగ్నల్ సగం చెట్టే మింగేస్తుంది. దారిలో చెట్టుంటే పైపు ఎత్తు పెంచండి, లేదా వేరే డాబా చూసుకోండి. కొమ్మలు కొట్టించి లింకు నిలబెట్టడం సరైన పద్ధతి కాదు. కొమ్మ మళ్లీ వస్తుంది, ఇరుగుపొరుగుతో మాట పోతుంది.

డిష్ ఎక్కే ముందే లెక్క వేసుకోండి. 5725–5875 మెగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదు గానీ, యాంటెన్నాతో కలిపి పవర్ 36 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) దాటకూడదు. 23 డీబీఐ (డిష్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) డిష్‌కు కిలోమీటరు దూరంలో లెక్క ప్రకారం మైనస్ 49 డీబీఎం రావాలి. అంకె సున్నాకు దగ్గరయ్యే కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ. నాలుగైదు తగ్గితే ఫర్వాలేదు. మైనస్ 65, 68 దగ్గర ఆగిందంటే మీరు పట్టుకున్నది అసలు కిరణం కాదు, పక్క కిరణం. డిష్‌కు మధ్యలో ఒక బలమైన కిరణం, అటూ ఇటూ బలహీనమైనవి ఉంటాయి. కాస్త తిప్పితే సిగ్నల్ పెరిగి మళ్లీ తగ్గుతుంది కాబట్టి, అదే శిఖరమనుకుని బోల్టులు బిగించి దిగిపోతారు. లింకు ఆ రోజు పనిచేస్తుంది కూడా. అందుకే మోసపోతారు.

కాబట్టి ముందు నిలువు బోల్టు బిగించి, అడ్డంగా మాత్రమే తిప్పండి. వేలెడు కదిపి నాలుగు సెకన్లు ఆగండి, ఫోన్‌లో రీడింగ్ ఆలస్యంగా మారుతుంది. శిఖరం దొరికాక కూడా ఆగకుండా పూర్తిగా పడిపోయేదాకా పోయి, రెండో వైపూ అలాగే చూడండి. మూడు శిఖరాలు కనిపించాలి, నడిమిది పెద్దది. అక్కడ ఆపి, అప్పుడు నిలువుగా సరిచేయండి. రెండూ ఒకేసారి కదిపితే పొద్దుగూకేదాకా అక్కడే ఉంటారు. బోల్టులు ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, రీడింగ్ చూస్తూ బిగించండి, ఎందుకంటే బిగింపుతోనే డిష్ పక్కకు జరుగుతుంది. చివర్లో రెండు చైన్ల (రేడియోలోని రెండు వేర్వేరు సిగ్నల్ దారుల) మధ్య తేడా మూడు డీబీ దాటిందేమో చూడండి. దాటితే దారిలో ఏదో అడ్డుంది, లేదా పైపు ఒరిగింది.

ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జే పెట్టండి. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె కోసం 80 పెట్టేవాళ్లున్నారు. ఇన్ని రౌటర్లున్న ఊళ్లో 80 ఖాళీగా దొరకదు. గోల మధ్య వచ్చే 300 కంటే నిలకడగా వచ్చే 80 ఎంబీపీఎస్ నయం, ఒక డాబా కింద నాలుగు కొట్లకు అది ధారాళం.

కింద వైఫై పెట్టెలు బిగించడం గంట పని. తర్వాత రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, అందరూ మ్యాచ్ చూస్తున్నప్పుడు, పరీక్షించండి. పగటి పూట టెస్టుకు విలువ లేదు. పాస్ అయితే ఆ రీడింగును, తేదీని పైపు మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసి, డిష్ నిలిచిన చోట ఒక గీత గీయండి. ఈదురుగాలి తర్వాత ఎవరు ఎక్కినా, ఏది జరిగిందో ఆ గీతే చెబుతుంది.