టీజీ ఎడ్‌సెట్‌కు దరఖాస్తు చేసే ముందు సరిచూసుకోండి

టీజీ ఎడ్‌సెట్ అంటే తెలంగాణలో బీఈడీ (టీచర్ శిక్షణ కోర్సు) సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష. ముందుగా మార్కులు. బీఈడీకి డిగ్రీలో ఓసీలకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. చివరి సంవత్సరం రాస్తున్నవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు.

పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే టైప్ చేయండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే, కౌన్సెలింగ్‌లో పత్రాల పరిశీలన దగ్గర ఆగిపోవచ్చు. ఆధార్‌ను ముందే సరిచేయించుకోవడం మేలు.

మెథడాలజీ (బీఈడీలో బోధన నేర్చుకునే సబ్జెక్టు) ఎంపికే అసలు చిక్కు. మీ డిగ్రీకి ఏ సబ్జెక్టులో సీటు వస్తుందో నిబంధనల్లో చూసుకోండి. రెండేళ్ల కోర్సు, తర్వాత టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (టీచర్ ఉద్యోగ నియామకం) అన్నీ ఈ ఎంపిక మీదే నడుస్తాయి కాబట్టి తొందరపడొద్దు.

స్టడీ సర్టిఫికెట్లు 9వ తరగతి నుంచి డిగ్రీ దాకా వరసగా పెట్టుకోండి. మధ్యలో ఒక్క ఏడాది ఖాళీ ఉన్నా స్థానికత (స్థానిక అభ్యర్థి అవునా కాదా) ప్రశ్న వస్తుంది. ప్రైవేటుగా చదివినవాళ్లు ఆ ఏళ్లకు నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. ఆదాయ, కుల పత్రాలకు మీసేవలో ఇప్పుడే పెట్టుకోండి, గడువు వారంలో రద్దీ మామూలే. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ల) పత్రం పాతదైతే చెల్లదు.

ఫీజు కట్టాక వచ్చే లావాదేవీ సంఖ్యను స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బు పోయి ఫారం తెరుచుకోకపోతే అది ఆధారంగా పనికొస్తుంది. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లది కాదు.

పరీక్ష 150 ప్రశ్నలు, 2 గంటలు. తప్పు సమాధానానికి మార్కు తగ్గదు.