గ్రాఫిక్స్ కార్డు కూలర్ మార్చడం ఎలా? ఆ నాలుగు స్క్రూల దగ్గర తొందరపడకండి

"డిస్‌ప్లే రావట్లేదన్నా" అంటూ నా దగ్గరికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావరకు వాటంతట అవి చావలేదు. పది నిమిషాల వీడియో చూసి, ఆదివారం మధ్యాహ్నం కూలర్ మార్చేద్దామని కూర్చున్నవాళ్ళు చంపినవే. నిజానికి ఇది కష్టమైన పని కాదు. ఒక్కచోట నిదానం కావాలి, అంతే. సరిగ్గా ఆ ఒక్కచోటే అందరికీ తొందర.

ఉదాహరణకు ఎన్‌విడియా కంపెనీ కార్డు జీటీఎక్స్ 1080 ఫౌండర్స్ ఎడిషన్ తీసుకుందాం. 2016లో వచ్చిన 180 వాట్ల కార్డు, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. ఒకే ఒక్క బ్లోవర్ ఫ్యాన్. చిప్ 83 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. మే నెలలో గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ ఫ్యాన్ మోత వింటే పక్క గదిలో ఎవరో మిక్సీ వేశారనుకుంటారు. దీనికి నేను వాడేది రైజిన్‌టెక్ మార్ఫియస్ 2 హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు రెక్కల దిమ్మ), దానిమీద రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు. వాటర్ కూలింగ్ ఎందుకు పెట్టుకోలేదని అడుగుతారు. సీలు చేసి వచ్చే వాటర్ కూలర్‌లో పంపు ఆగిపోతే ఆ కూలర్ మొత్తం చెత్తబుట్టలోకే. ఫ్యాన్ పాడైతే ఇంకో ఫ్యాన్ తెచ్చుకుంటాను. మన దుమ్ముకీ మన కరెంటుకీ గాలే సరైనది.

ఒక్క మాట. కార్డు పాతదైతే ముందు థర్మల్ పేస్ట్ మాత్రం, అంటే చిప్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే ముద్ద, మార్చి చూడండి. ఎండిపోయి పెచ్చులు కట్టిన పేస్టే అసలు దోషి అయితే కొత్త కూలర్ ఖర్చు దండగ.

కావలసినవి: చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, వెనక ప్లేటు కింద ఉండే ఆరు పలకల నట్లకు 4 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్, కరెంటు పారని మామూలు థర్మల్ పేస్ట్, మెమరీ చిప్‌ల మీద, పవర్ భాగం మీద అతికించే చిన్న హీట్‌సింక్‌లు, కార్డు మీది చిన్న ఫ్యాన్ సాకెట్‌కు మామూలు ఫ్యాన్లు తగిలించే కన్వర్టర్ వైరు, తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆల్కహాల్ మొబైల్ రిపేరు సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళండి. మెడికల్ షాపు స్పిరిట్ వద్దు. క్యాబినెట్‌లో చోటు కూడా కొలుచుకోండి, ఫ్యాన్లతో కలిపి ఇది మూడు స్లాట్ల కంటే ఎక్కువే తింటుంది. వారంటీ ఉన్న కార్డైతే ఈ పని ఇక్కడితోనే ఆపేయండి.

ఇక విప్పడం. పది నిమిషాలు ఏదైనా గేమ్ ఆడి ఆపండి, పాత పేస్ట్ మెత్తబడుతుంది. ప్లగ్ పీకి, కార్డు బయటికి తీసి, వెనక ప్లేటు విప్పండి. కాగితం మీద కార్డు బొమ్మ గీసుకుని ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టండి. చిప్ చుట్టూ ఉండే నాలుగు స్ప్రింగు స్క్రూలు విప్పాక పాత కూలర్‌ను పైకి లాగొద్దు. మూత తిప్పినట్టు అటూ ఇటూ కొంచెం తిప్పితే అదే వదులుతుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తారంటే చిప్ పక్కనున్న ఆవగింజంత కెపాసిటర్లు ఎగిరిపోతాయి. ఫ్యాన్ వైరు ఇంకా తగిలే ఉంటుందని మర్చిపోకండి. కింద మెమరీని, పవర్ భాగాన్ని కప్పిన నల్ల ప్లేటును కూడా తీసేసి, అంతా ఆల్కహాల్‌తో తుడవండి. చిప్ అద్దంలా మెరవాలి.

ఇప్పుడు అసలు సంగతి.

సీపీయూ మీద లోహపు మూత ఉంటుంది కాబట్టి అది కాస్త మొరటుతనాన్ని భరిస్తుంది. ఈ కార్డు మీద మూత లేదు. కనిపించేది ఉత్త సిలికాన్, 314 చదరపు మిల్లీమీటర్లు, రూపాయి బిళ్ళకు మించదు. కార్డు వేడిలో సింహభాగం అక్కడినుంచే బయటికి రావాలి. సిలికాన్ గాజు లాంటిది. సమంగా నొక్కితే చాలానే మోస్తుంది, ఒక్క మూల మీద బరువు పడితే పెచ్చు లేస్తుంది. నేను చేసిన మొదటి కార్డుకు ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళాను. "టిక్" మని చిన్న చప్పుడు. అంతే, ఆ కార్డు మళ్ళీ బొమ్మ చూపించలేదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

కాబట్టి ముందు చిన్న హీట్‌సింక్‌లు అతికించి, పేస్ట్ లేకుండా కూలర్‌ను ఊరికే ఆనించి చూడండి. అవి పెద్ద కూలర్ పైపులకు ఎక్కడైనా తగులుతున్నాయా? ఒక్కటి తగిలినా కూలర్ కుంటి బల్లలా ఒరుగుతుంది, చిప్ ఒక అంచున మాత్రమే ఆనుతుంది. "ఇంత ఖరీదైన కూలర్ పెట్టినా 85 దాటుతోంది" అని వచ్చేవాళ్ళ కార్డు విప్పితే తరచూ కనపడేది ఇదే. తగిలేచోట పొట్టి హీట్‌సింక్ పెట్టండి. థర్మల్ ప్యాడ్లు (పేస్ట్ బదులు మెమరీ మీద పెట్టే మెత్తటి పలకలు) వాడే కూలరైతే మందం సంగతీ ఇంతే. 1 మిల్లీమీటరు ఉండాల్సిన చోట 1.5 పెడితే మెమరీ చల్లగా ఉంటుంది, చిప్ కాలుతుంది.

తర్వాత పేస్ట్. మధ్యలో బఠాణీ గింజంత పెట్టి వదిలేయమనే సలహా సీపీయూకు సరే. ఇక్కడ ఏ మూల ఖాళీ ఉంటే ఆ మూల కాలుతుంది. అందుకని పాత ఏటీఎం కార్డు ముక్కతో చిప్ మొత్తం పరచాలి, తమలపాకుకు సున్నం రాసినంత పల్చగా. పేస్ట్ బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి వెళ్ళకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పక్కకు ఒలికితే షార్ట్ సర్క్యూట్. నాలుగు డిగ్రీల కోసం అంత రిస్క్ ఎందుకు?

బిగించేటప్పుడు కూలర్‌ను బల్లమీద వెల్లకిలా పెట్టి, దానిమీదికి కార్డును దించండి. కార్డు మీద కూలర్ పెట్టడం కాదు. స్క్రూలు వెనకనుంచి వస్తాయి కాబట్టి ఇలా అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నాలుగు స్క్రూలూ ముందు వేళ్ళతోనే, పట్టు దొరికేదాకా. ఆ తర్వాత కారు చక్రం నట్లు ఎదురెదురుగా బిగిస్తారే, అలా. ఒక మూల అర చుట్టు, దాని ఎదుటి మూల అర చుట్టు, మిగతా రెండూ అలాగే, మళ్ళీ మొదటినుంచి. స్క్రూ తనంతట తను ఆగినచోట ఆపేయండి. బలం చూపించాలంటే జిమ్‌కు వెళ్ళొచ్చు.

ఇప్పుడు మళ్ళీ విప్పండి. అవును, ఇంత చేశాక విప్పేయాలి. కూలర్ అడుగున పేస్ట్ అచ్చు చూడండి. నాలుగు అంచులూ స్పష్టంగా, ఒకే మందంతో పడ్డాయా? ఒక పక్క దట్టంగా, ఇంకో పక్క వెలిసిపోయినట్టు ఉంటే కూలర్ ఒరిగిందన్నమాట. కారణం వెతికి సరిచేసి, తుడిచి, కొత్త పేస్ట్ రాసి ఇంకోసారి బిగించండి. నేను ఇప్పటికీ ప్రతి కార్డునూ రెండుసార్లు బిగిస్తాను. ఇరవై నిమిషాలు అదనం, ఒక చెంచాడు పేస్ట్ కూడా ఖర్చు కాదు.

మిగిలింది సులువే. రెండు ఫ్యాన్లూ తగిలించి, కన్వర్టర్ వైరు పెట్టండి. లైట్లు మెరిసే ఫ్యాన్లు కొనొద్దు, ఆ డబ్బుతో మంచి బేరింగ్ ఉన్నవి వస్తాయి. క్యాబినెట్‌లో కార్డు ముఖం కిందికి ఉంటుంది కదా, అంటే చిన్న హీట్‌సింక్‌లన్నీ తలకిందులుగా వేలాడతాయి. అతికించేముందు చిప్‌లను ఆల్కహాల్‌తో తుడవకపోతే వేడికి జిగురు వదిలి, రాలి ఎక్కడో తగులుతాయి. అందుకే అతికించేటప్పుడే ఒక్కోదాన్ని అర నిమిషం గట్టిగా అదిమి పట్టుకోవాలి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు జీపీయూ-జెడ్ అనే, చిప్ వేడిని చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచండి. ఏదైనా గేమ్ పెట్టి పరీక్ష మొదలెట్టిన కొన్ని సెకన్లలోనే అంకె 80 డిగ్రీలు దాటి పరుగెడితే వెంటనే ఆపి, కూలర్ విప్పి అచ్చు చూడండి. సరిగ్గా కూర్చుంటే అంకె నెమ్మదిగా ఎక్కి ఒకచోట ఆగుతుంది. ఆ అంకెతోపాటు గది వేడి కూడా రాసిపెట్టుకోండి. ఫిన్లాండ్‌లో వీడియో తీసినవాడికి వచ్చిన 55 రామగుండంలో మే నెలలో మీకు రాదు, రాలేదని బెంగపడి మళ్ళీ స్క్రూలు బిగించకండి.

కార్డు కొస కింద ఏదైనా ఊతం పెట్టండి, ఇప్పుడది బాగా బరువెక్కింది. పాత కూలర్‌ను స్క్రూలతో సహా ఒక కవర్లో కట్టి దాచండి. కార్డు అమ్మేరోజు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.