సొంత పాటకు బ్లాక్‌చెయిన్‌లో డబ్బులు: నెల్లూరు కీబోర్డోడి లెక్కలు

నా సొంత పాట ఒకటి స్పాటిఫైలో ఏడాదికి 740 సార్లు మోగింది. వచ్చింది సున్నా. 2024 నుంచి వాళ్ళ రూలు ఏందంటే, 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ పాటకు రాయల్టీ లెక్కే కట్టరు. అదే పాటను వినాయక చవితికి స్టోన్‌హౌస్‌పేటలో ఒక పందిట్లో, సినిమా పాటల మధ్య దొంగతనంగా దూర్చి వాయిస్తే, స్టేజీ దిగగానే ఒకాయన ఫోన్ తీసి "మీ స్కానర్ ఏదబ్బా" అని అడిగి 201 రూపాయలు కొట్టి పోయాడు. 740 సార్లు వింటే రానిది ఒకాయన ఒక్కసారి వింటే వచ్చింది. ఇక్కడ నేను ఏం చెప్పినా ఆయన్ని గుర్తుపెట్టుకునే చెప్తున్నా, ఎందుకంటే బ్లాక్‌చెయిన్, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా రాసి ఉంచే ఉమ్మడి లెక్కల పుస్తకం, అభిమానిని పుట్టించదు. ఉన్న అభిమాని జేబులోంచి మన జేబులోకి డబ్బు వచ్చే దారి ఒకటి వేస్తుంది, అంతే.

కాబట్టి ముందు మీ అభిమానులు ఎక్కడున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల వాళ్ళే అయితే చదవడం ఇక్కడే ఆపేసి, ఒక యూపీఐ క్యూఆర్ కోడ్ ప్రింట్ తీయించి కీబోర్డు స్టాండుకు అతికించుకోండి. అంతకు మించిన టెక్నాలజీ మీకు అక్కర్లేదు. అమెరికాలో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళకు ఇక్కడ ఎన్‌ఆర్‌ఐ ఖాతా ఉంటే, 2023 నుంచి అక్కడి ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు వచ్చింది. కువైట్ సంగతి వేరు. మన వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు బోలెడుమంది, పాట నచ్చితే చేయి ధారాళంగా విప్పేది కూడా వాళ్ళే, కానీ 2023 జూలైలో అక్కడ క్రిప్టోతో, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే డబ్బుతో, చెల్లింపులు నిషేధించారు. "మామా, క్రిప్టో దాచుకునే యాప్, అదే వాలెట్, ఒకటి పెట్టుకో" అని వాళ్ళకు చెప్పి చిక్కుల్లో పడేయకండి, ఇంట్లోవాళ్ళ చేత ఫోన్‌పే కొట్టిస్తారులే. మిగిలిందెవరు? ఇక్కడ బ్యాంకు ఖాతా లేని, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, తెలుగు ముక్క రాకపోయినా మన డప్పు దరువు నచ్చి మెసేజ్ పెట్టే ఏ బ్రెజిల్ కుర్రాడో. వాళ్ళు కనీసం ఇరవై మంది తేలితేనే పాటను బ్లాక్‌చెయిన్ మీద అమ్మే ఈ పని మొదలుపెట్టండి.

ఆశలు కూడా ముందే ఒక కొలతకు తెచ్చుకోవాలి. 2015లో ఇమోజెన్ హీప్ అనే పేరున్న బ్రిటిష్ గాయని ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఒక పాట అమ్మకానికి పెడితే వచ్చింది 130 చిల్లర డాలర్లు. 2021లో త్రీలావ్ అనే అమెరికా డీజే ఎన్‌ఎఫ్‌టీల మీద, అంటే ఈ కాపీ ఫలానావాళ్ళదని బ్లాక్‌చెయిన్‌లో నమోదయ్యే టోకెన్ల మీద, కోటి డాలర్లకు పైగా సంపాదించాడు. యూట్యూబ్ గురువులందరూ రెండోది చెప్తారు. మీరు మొదటిది గుర్తుంచుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు పాట. అమ్మే పాట పూర్తిగా మీదై ఉండాలి: రాత, బాణీ, రికార్డింగ్ మూడూ. నెల్లూరులో ఆర్కెస్ట్రా అంటే బాలు గారి పాటలు లేకుండా రాత్రి గడవదు, నాకూ వాటి మీదే ఇల్లు గడుస్తోంది, అయినా ఆ సినిమా పాటను మనం ఎంత బాగా వాయించి రికార్డు చేసినా టోకెన్ చేసి అమ్మే హక్కు మనకు లేదు. త్యాగరాజ కీర్తన అయితే పర్వాలేదు. రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళకు మన దేశంలో కాపీరైట్ తీరిపోతుంది, ఆయన పోయింది 1847లో. (ఆయన ఇంటిపేరు కాకర్ల, ఆ పేరున్న ఊరు పాత ప్రకాశం జిల్లాలోదే అంటారు, అంటే మనకు కొంచెం చనువు కూడా ఉన్నట్టే.) కానీ రికార్డింగ్ మాత్రం మీరు కొత్తగా చేసిందే కావాలి, పాత క్యాసెట్ నుంచి ఎత్తింది కాదు. ఇంకొకటి, ఊళ్ళో ఒక అవ్వ నాట్ల పాట పాడితే ఫోన్‌లో పట్టి దాని కింద బీట్ వేసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ అవ్వను అడగండి, వాటా ఇవ్వండి. బాణీ ఊరందరిదీ కావచ్చు, గొంతు మాత్రం ఆమెది.

ఇక వాలెట్. ఇథీరియం తరహా చెయిన్‌లకు మెటామాస్క్, సోలానా అనే ఇంకో చెయిన్‌కు ఫాంటమ్, రెండూ ఉచితమే. కొత్త వాలెట్ తెరిచేటప్పుడు మామూలుగా 12 ఇంగ్లిష్ మాటలు చూపిస్తుంది. ఆ 12 మాటలే మీ బీరువా తాళం. పోతే "ఫర్గాట్ పాస్‌వర్డ్" అంటూ మళ్ళీ తెప్పించుకునే దారి లేదు, వేరేవాడికి తెలిస్తే మీ డబ్బు వాడిది. నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా: చేతికి దొరికింది కదా అని ఆర్కెస్ట్రా బుకింగుల డైరీలో, ముహూర్తాల పేజీ వెనక రాసుకున్నా. పెళ్ళిళ్ళ సీజన్లో అడ్వాన్సుల లెక్క చూడాలని మా తబలా అన్న ఆ డైరీ పట్టుకుపోయాడు. వారం రోజులు వాళ్ళ హాల్లో టీవీ మీద ఉంది, పిల్లోడు ఆ పేజీలో ఏనుగు బొమ్మ కూడా వేశాడు. అన్న దేవుడిలాంటి మనిషి, ఆ మాటలేందో కూడా ఆయనకు తెలియదు, అందుకే బతికిపోయా. మీరు మాత్రం రెండు కాగితాల మీద రాసి రెండు వేరు వేరు ఇళ్ళలో దాచండి, ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. టెలిగ్రామ్‌లో "సపోర్ట్ టీమ్" అంటూ ఎవడైనా ఆ మాటలు అడిగితే వాడు దొంగ, అందులో రెండో ఆలోచన లేదు.

ఏ చెయిన్ అని జుట్టు పీక్కోకండి. ఇథీరియం అసలు చెయిన్ మీద 2021 రోజుల్లో ఒక్కసారి మింట్ చేయడానికి, అంటే పాటను టోకెన్‌గా నమోదు చేయడానికి, గ్యాస్ ఫీజే, అంటే చెయిన్ వాడుకున్నందుకు కట్టేదే, వేల రూపాయల్లో అయ్యేది. దాని మీద ఆధారపడి నడిచే బేస్, ఆప్టిమిజం లాంటి వాటిలో 2024 మార్చి అప్‌గ్రేడ్ తర్వాత ఆ ఖర్చు చాలాసార్లు టీ డబ్బుల కంటే తక్కువ. 2017లో మ్యాటిక్ పేరుతో మనదేశపు కుర్రాళ్ళు మొదలుపెట్టిన పాలిగాన్ కూడా చవకే. బ్లాక్‌చెయిన్ కరెంటు తెగ తాగుతుందని ఇంకా ఎవరైనా అంటే, బిట్‌కాయిన్ విషయంలో అది నిజమే కానీ ఇథీరియం 2022 సెప్టెంబర్‌లో పద్ధతి మార్చుకుని వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుందని చెప్పండి.

అమ్మే చోటు రెండు రకాలు. ఆడియస్ లాంటిది స్పాటిఫై మాదిరే ఉంటుంది, పాట ఎక్కించి ధర పెట్టుకోవచ్చు, పని తేలిక. మేనిఫోల్డ్ లాంటిది మీ పేరు మీదే ఒక కాంట్రాక్ట్, అంటే చెయిన్ మీద దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రామ్, తయారుచేసి ఇస్తుంది, దాంట్లోంచి ఎన్ని పాటలైనా మింట్ చేసుకోవచ్చు. నా ఓటు రెండోదానికి, ఎందుకంటే 2021, 22లో పుట్టగొడుగుల్లా వచ్చిన సైట్లు కొన్ని ఇప్పటికే మూతపడ్డాయి. సైటు పోయినా కాంట్రాక్ట్ చెయిన్ మీద ఉంటుంది. పాట ఫైలు మాత్రం చెయిన్ మీద ఉండదు సుమా, అది ఐపీఎఫ్‌ఎస్ లేదా ఆర్‌వీవ్ అనే నిల్వల్లో ఉంటుంది, టోకెన్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. ఐపీఎఫ్‌ఎస్‌లో అయితే ఎవరో ఒకరు ఆ ఫైలును నిలబెట్టి ఉంచాలి, లేకపోతే చిరునామా ఉంటుంది, ఇల్లుండదు. అసలు వేవ్ ఫైలు మీ దగ్గర రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టుకోండి.

ధర సంగతికొస్తే, ఒక్క కాపీ పెట్టి లక్షలు అడిగే వేషాలు మనకొద్దు. 50 కాపీలు, ఒక్కోటి 3 డాలర్లు. ధర యూఎస్‌డీసీలో పెట్టండి, అది డాలర్‌తో సమానంగా నిలబడే కాయిన్, ఇవాళ 3 డాలర్లు రేపు రెండున్నర అయ్యే బెడద తక్కువ. కాపీకో నంబరు పడే రకం ఎంచుకుంటే, 7వ నంబరు కొన్నవాళ్ళు అది జీవితాంతం చూపించుకుంటారు. ఏ నంబరు ఏ వాలెట్‌లో ఉందో మీకూ కనపడుతుంది కాబట్టి, కొన్నవాళ్ళకు మాత్రమే తర్వాతి పాట డెమో వినిపించొచ్చు. నేనైతే రికార్డింగ్‌లో కోసేసిన ముక్క ఒకటి పంపించా, మధ్యలో మా వీధిలోకి వచ్చిన ఉప్పు బండి కేక పడి పాడైపోయిన టేకు అది. అసలు పాట కంటే దానికే ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయి!

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది వాటాల పంపకం. స్ప్లిట్ కాంట్రాక్ట్ అని ఉంటుంది, ముందే శాతాలు రాసేస్తే వచ్చిన డబ్బును ఎవరి వాటా వాళ్ళ పేరున అదే విడగొట్టి పెడుతుంది. నాకు 60, పాడిన అమ్మాయికి 25, తబలా అన్నకు 15 అని పెట్టాం. 50 కాపీలూ పోతే 150 డాలర్లు, సైటు ఫీజు పక్కన పెడితే 90, 37.5, 22.5. ఆర్కెస్ట్రాలో తెల్లారుజామున వ్యాను ఎక్కేటప్పుడు "మిగతాది రేపిస్తాలే" అనే మాట విన్నవాళ్ళకు ఈ సుఖం తెలుస్తుంది. అయితే శాతాలు పెట్టేముందు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని కనీసం వాట్సాప్‌లో అయినా ఒప్పుకున్నట్టు రాసుకోండి. గొడవ వస్తే తీర్చేది మనుషులే, కాంట్రాక్ట్ కాదు.

"చేతులు మారిన ప్రతిసారీ నీకు 10 శాతం వస్తుంది" అని ఎవరైనా ఊరిస్తే పూర్తిగా నమ్మకండి. ఆ రాయల్టీ శాతాన్ని టోకెన్‌లో రాయొచ్చు కానీ, కట్టించే శక్తి మామూలుగా దానికి లేదు. అతి పెద్ద మార్కెట్లలో ఒకటైన ఓపెన్‌సీ 2023లోనే దాన్ని కొనేవాళ్ళ, అమ్మేవాళ్ళ ఇష్టానికి వదిలేసింది. మీ పేరు మీద సొంత కాయిన్ వదలమనే సలహా కూడా వస్తుంది. వద్దు. పాట కొన్నవాడు పాట వింటాడు, కాయిన్ కొన్నవాడు రేటు చూస్తూ కూర్చుంటాడు, పడిపోతే తిట్టేది మిమ్మల్నే.

కొనేవాళ్ళ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. డల్లాస్‌లో ఉండే కావలి స్నేహితుడి కూతురు నా పాట కొందామని కూర్చుంటే, వాలెట్ పెట్టి, వేరే చెయిన్‌లో డబ్బులేసి, మళ్ళీ దాన్ని మార్చి, నలభై నిమిషాలు పట్టింది. 3 డాలర్ల కోసం అంత ఓపిక ఇంకెవరికీ ఉండదు. ఈమెయిల్‌తో వాలెట్ తెరుచుకుని కార్డుతో కట్టే వీలున్న చోటే పెట్టండి, లింకు పంపేముందు వేరే ఫోన్‌లో మీరే ఒక కాపీ కొని చూడండి.

డబ్బు రూపాయల్లోకి మార్చేటప్పుడే నాకు దెబ్బ తగిలింది. రేటు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుందని ముక్కూమొహం తెలియనివాడికి పీ2పీలో, అంటే నేరుగా మనిషికి మనిషి, నా యూఎస్‌డీసీ అమ్మా, 6,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఎనిమిదో రోజు పెట్రోలు బంకులో ఫోన్‌పే ఫెయిల్. ఆ డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ మోసం కేసుదట, నా ఖాతా హోల్డులో పెట్టారు. బ్యాంకు పేరు ఎందుకులే, మూడుసార్లు తిప్పి, స్క్రీన్‌షాట్లు ప్రింట్లు తెమ్మని, రెండు నెలలకు వదిలారు. కాబట్టి పీ2పీ జోలికి పోకుండా, ఎఫ్‌ఐయూ (దొంగ డబ్బు మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర నమోదైన, క్రిప్టో కొని అమ్మే మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో పాన్, ఆధార్ ఇచ్చి కేవైసీ చేసుకుని అక్కడే అమ్మండి. అమ్మిన రోజే బ్యాంకుకు లాగేయండి, అక్కడ నిల్వ ఉంచొద్దు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్లకు పైగా ఎత్తుకుపోతే, అందులో దాచుకున్నవాళ్ళు నెలల తరబడి ఎదురుచూశారు.

పన్ను విషయంలో ప్రభుత్వం మొహమాటపడలేదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ లాభాల మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 31.2. కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసేయడానికి లేదు, ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో సర్దుకోవడానికీ లేదు. ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే 1 శాతం టీడీఎస్ కోసుకుంటారు, అది రిటర్న్‌లో లెక్కలోకి వస్తుంది. మనమే తయారుచేసిన పాట మొదటిసారి అమ్మితే అది వ్యాపార ఆదాయమా, ఈ 30 శాతం కిందికి వచ్చేదా అన్నది మాత్రం అమ్మకానికి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి, తర్వాత కాదు. మా ఆడిటర్ అడిగింది ఒక్కటే, నోటుబుక్కు. తేదీ, ఎన్ని కాపీలు, ఎన్ని యూఎస్‌డీసీ, ఆరోజు రూపాయల్లో విలువ, లావాదేవీ నంబరు, ఎవరి వాటా ఎంత. ఏనుగు బొమ్మ పడిన డైరీలో మిగిలిన పేజీలన్నీ ఇప్పుడు దానికే వాడుతున్నా, 12 మాటల పేజీ చింపి కాల్చేశాక.