గేటు వైపే లాగే పడుచు గుర్రం: నా అనుభవం

బెంగళూరులో సవారీ నేర్చుకుంటున్న మన తెలుగు మిత్రులు తరచూ అడిగే ఇబ్బందే ఇది: నేను ఎక్కిన నాలుగేళ్ళ గుర్రం, సవారీ మైదానంలో గేటుకు దూరంగా ఉన్న మూలకు రాగానే ఆగిపోయి, మడమ తాకిస్తే వెనక్కు నడిచేది. కళ్ళెం మార్చడం, కొరడా చూపడం, ఎక్కేముందే పొడవాటి తాడుతో చుట్టూ తిప్పి అలసగొట్టడం ఏవీ పనిచేయలేదు. పళ్ళలో, వీపులో నొప్పి లేదని పశువైద్యులు అప్పటికే తేల్చారు.

మొదట పగ్గం పట్టుకుని ఆ మూల దాకా నడిపించి, కాసేపు నిలబెట్టాను. తరువాత ఎక్కి, అది ఆగిన చోట తన్నకుండా, ఒక వైపు పగ్గాన్ని పక్కకు చాపి ముందుకాళ్ళను ఒక్క అడుగు కదిలించి, ఆ అడుగు పడిన క్షణంలోనే కాలి ఒత్తిడి పూర్తిగా వదిలేశాను. ఒక చెవి నా వైపు తిప్పి, నమిలినట్టు నోరు ఆడించి కాస్త కుదుటపడ్డాకే మరో అడుగు అడిగాను. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మూలలోనే దిగి జీను పట్టీ వదులు చేయడం. గేటు దగ్గర దిగితే విశ్రాంతి అక్కడే ఉందని మనమే నేర్పినట్టవుతుంది.

భయంతో ఆగే గుర్రాలన్నిటికీ ఇది పనిచేస్తుందని చెప్పలేను. ముందుకాళ్ళెత్తి లేచే గుర్రమైతే శిక్షకుడు పక్కన లేకుండా ఎక్కవద్దు.