అమెరికా సరిహద్దు కాలపు ముత్తవ్వ ఎవరి కూతురో కనుగొనడం

వర్జీనియా, నార్త్ కరోలినాల నుంచి కంబర్లాండ్ కనుమ దాటి కెంటకీ, టెనెసీలకూ, ఆ తరువాతి తరంలో ఇండియానా, ఇల్లినాయ్, మిస్సోరీలకూ తరలివెళ్ళిన కుటుంబాల వంశవృక్షం గీసేటప్పుడు మగవారి వరుస ఏదో ఒక విధంగా కుదురుతుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన స్త్రీ ఎవరి కూతురన్న దగ్గరే వెతుకులాట ఆగిపోతుంది. ఇందుకు కారణం ఆనాటి చట్టంలోనే ఉంది. పెళ్ళయిన స్త్రీకి విడిగా ఆస్తి హక్కు లేదు, ఆమె పేరున ఒప్పందాలు జరగవు, పన్ను పట్టీలో భర్త పేరే ఉంటుంది. 1790 నుంచి 1840 వరకు జరిగిన జనగణనలు ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసి, తక్కినవారిని వయసుల వారీగా అంకెలుగా లెక్కించాయి. అందువల్ల ఆమె గురించి రాసిన కాగితాల కోసం కాక, ఆమె తండ్రి ఆస్తి చేతులు మారినప్పుడు పుట్టిన కాగితాల కోసం వెతకాలి. ఈ పనిలో ఫలితం దక్కేది ఎక్కువగా అక్కడే.

అయితే పనిని ఆమె పిల్లలతో మొదలుపెట్టాలి, అది కూడా ఒక్కరితో కాదు, అందరితోనూ. రాష్ట్రవ్యాప్త మరణ ధ్రువపత్రాలు మిస్సోరీలో 1910 నుంచి, కెంటకీలో 1911 నుంచి, టెనెసీలో 1914 నుంచి వరుసగా దొరుకుతాయి. 1835 ప్రాంతంలో పుట్టి అంతకాలం బతికిన కొడుకో కూతురో ఉంటే, ఆ పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉండే అవకాశం ఉంది. ఆ వివరం చెప్పినది చాలాసార్లు అల్లుడో మనవడో అయి ఉంటారు కాబట్టి, ఇద్దరు ముగ్గురు తోబుట్టువుల పత్రాలు ఒకే మాట చెబితేనే దాన్ని గట్టిగా పట్టుకోవాలి. 1880 జనగణన ప్రతి మనిషి తల్లిదండ్రుల జన్మస్థలాన్ని అడిగింది కనుక, ఆమె ఏ రాష్ట్రంలో పుట్టిందో పిల్లల జవాబులను పోల్చి తేల్చవచ్చు.

తరువాత వివాహపు కాగితాలు చూడాలి. కెంటకీ, టెనెసీ, వర్జీనియాలలో పెళ్ళికొడుకు, అతనితో పాటు పూచీదారు ఒకరు కలిసి, పెళ్ళికి చట్టపరమైన అడ్డంకి లేదని పూచీపత్రం రాసి ఇచ్చేవారు. ఆ పూచీదారు తరచుగా వధువు తండ్రో, అన్నో, దగ్గరి బంధువో అయి ఉంటాడు. వధువుకు 21 ఏళ్ళు నిండకపోతే తండ్రి లేదా సంరక్షకుడు సమ్మతి చీటీ పంపేవాడు. ఒక్కోసారి అది పూచీపత్రంతోనే కలిసి ఉంటుంది కాబట్టి, అచ్చయిన సంకలనాల్లోని పట్టికతో సరిపెట్టుకోకుండా అసలు కాగితం ప్రతిని తెప్పించుకోవాలి. అయితే పెళ్ళినాటికి ఆమె వితంతువైతే, పూచీపత్రంలో ఉన్నది మొదటి భర్త ఇంటిపేరు. ఈ ఒక్క విషయం గమనించక తప్పుడు కుటుంబానికి అతికించిన వంశవృక్షాలు ఎన్నో ఉన్నాయి.

ఇంటిపేరు తెలిసినా తెలియకపోయినా, పెళ్ళి జరిగిన కౌంటీలో (రాష్ట్రంలోని జిల్లా వంటి విభాగంలో) తండ్రి కాగల వయసున్న వారందరి జాబితా తయారు చేసుకోవాలి. 1820, 1830 జనగణన లెక్కల్లో తగిన వయసు ఆడపిల్ల ఉన్న ఇళ్ళు ఏవో, పెళ్ళి తరువాతి లెక్కలో ఆ అంకె ఎక్కడ తగ్గిందో చూసి కొందరిని తొలగించవచ్చు. కెంటకీ 1790, 1800 జనగణనలు నేడు లేవు. వాటి స్థానంలో ఏటేటా వేసిన పన్ను పట్టీలు వాడాలి. కౌంటీల హద్దులను కూడా మరచిపోకూడదు. 1792లో రాష్ట్రమయ్యేనాటికి కెంటకీలో 9 కౌంటీలుంటే నేడు 120 ఉన్నాయి కాబట్టి, కుటుంబం ఇల్లు కదలకపోయినా దాని కాగితాలు మూడు నాలుగు కోర్టుల్లో ఉండవచ్చు.

ఇక ఆస్తి కాగితాలు. వీలునామాలో తండ్రి “నా కూతురు మేరీ” అని మాత్రమే రాసి ఉంటే అది పెద్దగా సాయపడదు, ఎందుకంటే ఆ పేరు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. వీలునామా లేకుండా చనిపోయిన తండ్రి వల్ల పరిశోధకుడికి ఎక్కువ మేలు జరుగుతుంది. అప్పుడు చట్టప్రకారం వారసులందరి పేర్లూ కోర్టుకు ఎక్కాలి, కూతుళ్ళ పక్కన అల్లుళ్ళ పేర్లూ వస్తాయి, చనిపోయిన కూతురి వాటా ఆమె పిల్లలకు పంచుతారు. వితంతువు బతికున్నంత కాలం మూడో వంతు భూమిని అనుభవించే హక్కు ఆమెకు ఉండేది కాబట్టి, తండ్రి పోయిన ఇరవై ఏళ్ళకు తల్లి పోయాక గాని వారసులు ఆ భాగాన్ని అమ్మి ఉండకపోవచ్చు. అందుచేత మరణించిన ఏడాది దగ్గర ఆగకుండా తరువాతి దశాబ్దాల దస్తావేజులన్నీ చూడాలి. సూచికలో మొదటి వారసుడి పేరు ఒక్కటే ఉండవచ్చు కనుక, అదే ఇంటిపేరున్న ప్రతి అమ్మకాన్నీ తెరిచి చదవాలి. అల్లుడు మిస్సోరీకి వెళ్ళిపోయి ఉంటే, అక్కడి నుంచి మామగారి భూమిలో భార్య వాటాను అమ్మేందుకు రాసి పంపిన అధికారపత్రమే తండ్రీకూతుళ్ళ బంధానికి సాక్ష్యమవుతుంది. వారసుల మధ్య భూమి పంపకం కోసం కోర్టులో వేసిన దావాల కట్టలు అన్నిటికంటే విలువైనవి. వాటిలో పొరుగువారి వాంగ్మూలాలు, పిల్లల వయసులు, పెళ్ళిళ్ళ వివరాలు కూడా దొరుకుతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. వీలునామాలో పేర్కొన్న భార్య రెండో భార్య కావచ్చు కనుక, ఆమెను తల్లిగా వెంటనే రాసుకోకూడదు. అలాగే తండ్రి పోయి తల్లి బతికున్నా కోర్టు పిల్లలకు సంరక్షకుణ్ణి నియమించేది కాబట్టి, ఆ నియామకం చూసి తల్లి కూడా లేదని తేల్చకూడదు.

తండ్రి లేదా భర్త అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి ఉంటే పింఛను దస్త్రాన్ని తప్పక చదవాలి. 1836, 1838 పింఛను చట్టాల కింద దరఖాస్తు చేసిన వితంతువులు పెళ్ళిని రుజువు చేసేందుకు కుటుంబ బైబిలు పుటలను చించి జతపరిచిన సందర్భాలున్నాయి. ఆరెగాన్ వెళ్ళిన కుటుంబాలకైతే అక్కడ స్థిరపడేవారికి భూమి ఇచ్చిన 1850 భూదాన చట్టం దస్త్రాల్లో పెళ్ళి తేదీ, స్థలం ఉంటాయి. ఆ చట్టం దంపతులకిచ్చిన 640 ఎకరాల్లో సగం భార్య పేరునే ఇచ్చింది.

ఆమె బానిసత్వంలో ఉన్న స్త్రీ అయితే దారి వేరు. 1850, 1860 జనగణనల బానిసల పట్టికల్లో దాదాపుగా పేర్లే లేవు కాబట్టి, యజమాని ఆస్తి జాబితాలు, వీలునామాలు, అమ్మకపు పత్రాల గుండా వెతకాల్సి ఉంటుంది. ఆమె చెరొకీ (అమెరికా ఆదివాసీ తెగ) రాకుమారి అని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే ఆ మాటను రాసి ఉంచుకోండి గాని దాని మీద వంశాన్ని నిలబెట్టవద్దు, ఎందుకంటే చెరొకీలలో రాకుమారి అనే హోదాయే లేదు.

డిఎన్‌ఏ పరీక్ష కాగితాల పని పూర్తయ్యాకే బాగా ఉపయోగపడుతుంది. మైటోకాండ్రియా డిఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలకు వస్తుంది, కూతుళ్ళ ద్వారా మాత్రమే ముందుకు సాగుతుంది. ఆమె నుంచి తెగకుండా కూతుళ్ళ వరుసలో వచ్చిన వారసులూ, మీరు తల్లిగా అనుమానిస్తున్న స్త్రీకి మరో కూతురి వైపు అలాగే వచ్చిన వారసులూ పరీక్షకు ఒప్పుకుంటే పోల్చవచ్చు. సరిపోలిక వేల ఏళ్ళ నాటిది కూడా కావచ్చు, అందుచేత ఈ పరీక్ష ఒక ఊహను కొట్టివేయడానికి ఉపయోగపడినంతగా నిరూపించడానికి ఉపయోగపడదు. తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చిన డిఎన్‌ఏను చూసే సాధారణ పరీక్షలో ఆరు తరాల వెనకటి ఒక్క పూర్వీకురాలి నుంచి మీకు వచ్చేది సగటున ఒకటిన్నర శాతమే కాబట్టి, కుటుంబంలో బతికున్న అత్యంత పెద్ద తరం వారిని ముందుగా పరీక్షించడం మంచిది.

చివరికి తండ్రి అని మీరు తేల్చుకున్న వ్యక్తి పేరును వృక్షంలో చేర్చేటప్పుడు, తొలగించిన తక్కిన వారెవరో, ఏ దస్తావేజు వల్ల తొలగించారో కూడా పక్కన రాసి పెట్టండి. ప్రత్యక్ష సాక్ష్యం లేకుండా పరోక్ష ఆధారాలతోనే తేల్చి ఉంటే ఆ సంగతిని కూడా స్పష్టంగా నమోదు చేయండి.